ఆపు మామయ్య

మా మామయ్యకు ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు. అది సినిమాల్లో మాటల వెనకనుంచి వచ్చే సంగీతం. పాటలతో ఆయనకు పేచీ లేదు. పాట మర్యాదగా తలుపు కొట్టి లోపలికి వస్తుందంటాడు. ఈ వెనక సంగీతం మాత్రం దొడ్డిదారిన దూరి, మనం ఎప్పుడు ఏడవాలో, ఎవణ్ణి చూసి భయపడాలో, ఎవణ్ణి నమ్మాలో మన చెవిలో ఊది పోతుందట. తెరమీద తల్లి కొడుకు చెయ్యి పట్టుకోగానే వయొలిన్లు మొదలయ్యాయో, మామయ్య సీట్లోంచి లేచి నిలబడి హాలంతా దద్దరిల్లేలా ఒకటే కేక వేస్తాడు.

"ఆపు!"

అందుకే ఆయన ఆపు మామయ్య అయ్యాడు. అసలు పేరు అత్తయ్యకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే.

ఇంకో సంగతి చెబితే మీకూ ఒళ్లు మండుతుంది. ఈ మనిషి ముప్ఫై రెండేళ్లు చేసిన ఉద్యోగం ఏమిటనుకున్నారు? సినిమాల రీరికార్డింగులో, అంటే ఆ వెనక సంగీతంలోనే, వయొలిన్ వాయించడం. జనం చేత కుండలకొద్దీ కన్నీళ్లు కార్పించి, రిటైరయిన మర్నాటినుంచి ఆ కన్నీళ్లమీదే యుద్ధం ప్రకటించాడు.

మా వీధి చివరి థియేటర్లో గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దమనిషికి మామయ్యంటే హడల్. దూరంనుంచి చూడగానే రెండు చేతులూ అడ్డం పెట్టేవాడు.

"వద్దు సార్, ఇది మీకు పడదు. మొదటి సీన్లోనే నలభై వయొలిన్లు."

"నలభయ్యా! దేనికి?"

"హీరోగారు బస్సు దిగుతారు సార్."

"బస్సు దిగడానికి నలభై వయొలిన్లా? వాడికేమన్నా కాలు విరిగిందా?"

అప్పటికీ టికెట్టు కొనేవాడు. నన్ను వెంట లాక్కుపోయేవాడు. ఓసారి ఇంటర్వెల్‌కి ముందే ఇద్దరు మనుషులు ఆయన్ని చెరో చంకా పట్టుకుని బయట దింపారు. నన్ను ఎవరూ పట్టుకోకపోయినా నేనూ తలవంచుకుని వెనకే నడిచాను. ఆ సినిమాలో హంతకుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే మామయ్య కళ్లెర్రజేశాడు.

"ఎవడి మొహం కనబడ్డప్పుడల్లా వెనక చెలో, ఆ లావు వయొలిన్, మూలిగిందో వాడేరా! అంతోటి దానికి సినిమా దేనికి?"

ఇంట్లో అత్తయ్య పరిస్థితి ఇంకా అన్యాయం. సాయంత్రం ఆరున్నరకు ఆవిడ సీరియల్ పెట్టుకోగానే ఈయన రిమోట్ లాక్కుని శబ్దం తీసేసేవాడు. తెరమీద అత్తగారు ఒకే దెబ్బకు మూడుసార్లు మొహం తిప్పి చూసేది.

"చూడు, చూడు! ఉరుములు తీసేస్తే ఏం మిగిలిందో! ఆవిడకి పాపం మెడ పట్టేసింది. డాక్టరుకి చూపించుకోవాల్సిన మనిషిని విలన్ని చేశారు."

"ఏమండీ, ఆ ఉరుములు వాయించే ఇన్నాళ్లూ మనం తిన్నాం."

"ఉరుములు నేను వాయించలేదు. నేను ఏడిపించానంతే."

"నన్ను మాత్రం ఇంకా ఏడిపిస్తూనే ఉన్నారు. ఇటివ్వండి రిమోట్!"

ఆయన చాదస్తం నాలుగు గోడలు దాటకుండా ఉంటే నేనూ ఊరుకునేవాణ్ణి. కానీ మా అపార్టుమెంటు సెక్రటరీగారు పాలప్యాకెట్టు పట్టుకుని మెట్లెక్కుతుంటే ఒకరోజు మామయ్య ఫోన్లో వీడియో తీశాడు. ఇరవై సెకన్లు. ఆదివారం మీటింగులో నీళ్ల ట్యాంకు గురించి మాట్లాడాల్సిన మనుషుల్ని కూర్చోబెట్టి, ఆ ముక్క గోడమీద వేసి, పక్కన నిలబడి వయొలిన్ వాయించాడు. మొదటిసారి సన్నగా, తీయగా వాయించాడు. "పాపం సెక్రటరీగారు, మనకోసం ఎంత కష్టపడుతున్నారో" అని మూడో అంతస్తు ఆవిడ నిట్టూర్చింది. రెండోసారి తీగమీద విల్లు పట్టి కిర్రుమనిపించాడు. కింది అంతస్తు బామ్మగారు "తలుపేసి వచ్చానో లేదో" అంటూ లేచి వెళ్లిపోయారు. మూడోసారి టకటకా వాయిస్తే అందరూ పడీపడీ నవ్వారు.

"మెట్లు మారలేదు! ప్యాకెట్టు మారలేదు! ఆ బోడి మొహం మారలేదు!" అని మామయ్య బల్ల గుద్దాడు. "మీరు మారారు. మీ బుర్ర తాళం నా చేతికిచ్చేసి కూర్చున్నారు. సిగ్గులేదా మీకు?"

బోడి మొహం అన్నందుకు సెక్రటరీగారు ఒంటికాలిమీద లేచారు. బామ్మగారు ఆ తర్వాత నెలరోజులపాటు ఆయన్ని చూస్తే గొళ్లెం పెట్టుకునేవారు. మామయ్య ఫ్లాటుకూ, మా ఫ్లాటుకూ నీళ్లు రెండురోజులు సరిగా రాలేదు. అది కాకతాళీయం అని నేను ఇప్పటికీ నమ్మను.

మామయ్య గురించి ఇంకొక్క విచిత్రం చెప్పి అసలు కథలోకి వస్తాను. ఆయనకు చొక్కాల పిచ్చి. గడప దాటితే థియేటరు, అక్కణ్ణుంచి గెంటేస్తే ఇల్లు. ఆ మాత్రం దానికి బీరువానిండా చొక్కాలు. అన్నీ పక్క సందులో ఒక టైలరమ్మ దగ్గరే కుట్టించేవాడు. యాభై అయిదు దాటిన మనిషి ఆవిడ. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ వింటుంది. "ఈ బట్టలన్నీ కట్టుకుని ఎక్కడ ఊరేగుతారు?" అని అత్తయ్య అరిస్తే, "కుట్టు బాగుంటుందే" అని మాత్రం అనేవాడు. ప్రతిదానికీ మూడు పేజీల వాదన వేసే మనిషి ఇక్కడ ఒక్క ముక్కతో ఎందుకు సరిపెడుతున్నాడో మాకు తట్టలేదు.

ఇక నా సంగతి. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఆఫీసులో పనిచేస్తాను. తొమ్మిదేళ్లుగా ఇతరుల అప్పగింతల మీద ఏడుపు సంగీతం పరుస్తూ బతుకుతున్నాను. అలాంటిది మా ఓనరుకు ఒకరోజు సినిమా తీయాలని బుద్ధి పుట్టింది. అరగంట సినిమా. కథ నాది, తీసేదీ నేనే. "బాగుంటే ఇంకోటి తీద్దాం, లేకపోతే మళ్లీ పెళ్లిళ్లే" అన్నాడు.

కథ చిన్నది. మొగుడు జబ్బుచేసి మంచాన పడతాడు. నెలనెలా చిక్కిపోతుంటే భార్య అతని చొక్కాల్ని కుట్లు బిగిస్తూ వస్తుంది. చివరికి ఒకరోజు మళ్లీ బిగించడానికి టేపు పెట్టి కొలిస్తే ఛాతీ అరంగుళం పెరిగి ఉంటుంది. నమ్మలేక మళ్లీ కొలుస్తుంది. తర్వాత కత్తెర తీసుకుని పాత కుట్లు విప్పడం మొదలుపెడుతుంది. అంతే.

కథ వినగానే మామయ్య, "టైలరమ్మని పెట్టు" అన్నాడు.

"మామయ్యా, ఆవిడ చొక్కాలు కుడుతుంది. నటించదు."

"నీ కథలో ఆవిడ చేసేదేమిటి? విమానం నడుపుతుందా?"

నేను ససేమిరా అన్నాను. అత్తయ్య సీరియల్లో మెడ తిప్పే ఆవిణ్ణి ఒప్పించుకున్నాను కూడా. ఆవిడ కథంతా విని, "మరి నేను ఎక్కడ తిరిగి చూడాలి?" అని అడిగింది. అదే సమయానికి మామయ్య నాతో మాటలు మానేశాడు. అది హాయిగానే ఉండేది గానీ, మాట్లాడకుండా మా ఇంట్లోనే కూర్చునేవాడు. అయిదో రోజుకు విసిగిపోయి టైలరమ్మనే పెట్టాను.

ఆవిడ ఆ చివరి సీను ఒక్క టేకులో చేసింది. నిజం ఒప్పుకోవాలి, నాకు అందులో విశేషం ఏమీ కనబడలేదు. ఆఫీసులో ఉన్న ఏడుపు వయొలిన్ల ముక్క ఒకటి తగిలించి ఓనరుకు చూపించాను. ఆయన సగంలోనే చెయ్యి విసిరేశాడు.

"ఏముందయ్యా ఆ మొహంలో? కొయ్యబొమ్మ! ఈ డబ్బా మ్యూజిక్కు చాలదు. మంచి వయొలిన్లు పెట్టి ఏడిపించు. శుక్రవారం నాలుగింటికి మళ్లీ చూస్తా. అప్పుడూ నాకు కళ్లు తడవకపోతే ఈవిణ్ణి తీసేసి ఆ సీరియల్ ఆవిడతో మళ్లీ తీద్దాం."

కర్మకాలి టైలరమ్మ అప్పుడే కాస్ట్యూములు తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడే నన్ను ఓదార్చింది.

"బాధపడకండి బాబూ. ఆ మాట నాకు కొత్తేం కాదు."

సంచి అక్కడ పెట్టి వెళ్లిపోయింది. అరికాలిమంట నెత్తికెక్కి నేను తిన్నగా మామయ్య ఇంటికి వెళ్లాను.

"నీ మాట విన్నందుకు చెప్పుతో కొట్టుకోవాలి! ఆవిడ సీను తీసేస్తానంటున్నాడు మా ఓనరు."

"ఏం, ఏమిటట?"

"కొయ్యబొమ్మ అన్నాడు."

మామయ్య ఒంటికాలిమీద లేస్తాడనుకున్నాను. లేవలేదు. కుర్చీలో కూర్చుని చొక్కా గుండీ తిప్పుకున్నాడు. అది చూసి అత్తయ్య సీరియల్ తనే ఆపేసింది.

"నేను వాయిస్తాను. నాతోపాటు ఇంకో నలుగుర్ని తెస్తాను" అన్నాడు చివరికి.

"నువ్వా? సినిమాకా?"

"ఒక్కటే షరతు. కుర్చీలు తిప్పాలి."

కుర్చీల సంగతి మీకు చెప్పాలి. రికార్డింగ్ హాల్లో బొమ్మ గోడమీద పడుతుంది. చెయ్యి ఊపి వాయించేవాళ్లను నడిపే మనిషి దాన్ని చూస్తాడు. వాయించేవాళ్లు అతన్నీ, ముందున్న కాగితాన్నీ చూస్తారు. అంటే వాళ్ల వీపు తెరవైపు ఉంటుంది. "ముప్ఫై రెండేళ్లు ఎవరి కోసం ఏడుస్తున్నామో చూడకుండానే ఏడ్చాంరా" అన్నాడు మామయ్య. ఇదేదో ముసలాయన సరదా అనుకుని సరేనన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు అయిదుగురూ రికార్డింగ్ హాలుకు వచ్చారు. అందరూ మామయ్య ఈడువాళ్లే. కుర్చీలు తెరవైపు తిప్పించాను. బొమ్మ వేశాను. టైలరమ్మ టేపు తీసింది. నేను చెయ్యి ఊపాను. అయిదు విల్లులు తీగలమీదికి వచ్చి ఆగాయి. ఒక్క స్వరం పలకలేదు.

"చూసుకోలేదేమో. మళ్లీ వేస్తున్నాను" అన్నాను.

మళ్లీ వేశాను. మళ్లీ అంతే. మూడోసారి చివరి కుర్చీలో ఉన్న పొడుగాయన "కుయ్" మని ఒక్క ముక్క లాగి, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఆగిపోయాడు.

"ఏమైందండీ?" అని అరిచాను.

"సారీ బాబూ, చూస్తూ ఉండిపోయాను" అని ఆయన ముక్కు చీదుకున్నాడు.

నాలుగోసారి నేను చేతులు ఊపీ ఊపీ ట్రాఫిక్ పోలీసునయ్యాను. గడియారం రెండు కొట్టింది. మామయ్యకేసి చూస్తే విల్లు ఒళ్లో పెట్టుకుని తెరకేసి చూస్తున్నాడు. ఇదంతా కావాలని చేయించాడని అప్పుడు వెలిగింది. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది.

"నీ పిచ్చికోసం ఆవిడ నోటిముందు కూడు లాగేస్తున్నావు! ఇంకో రెండు గంటల్లో ఆవిడ పాత్ర పోతుంది, తెలుస్తోందా నీకు?"

పొడుగాయన లేచి నా రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కుపోయాడు.

"గట్టిగా అరవకు. మీ మామయ్య మమ్మల్ని వాయించొద్దని చెప్పలేదు. ముందు తెర చూడండి, తర్వాత మీ ఇష్టం అన్నాడు. అంతే. ముప్ఫై ఏళ్ల కిందటి మాట విను. ఒక సినిమాకి ఇరవైమందిమి వాయిస్తున్నాం. ఆస్పత్రి బల్లమీద హీరోయిన్ చెల్లెలు కూర్చుని ఉండే సీను. వాయిస్తుంటే మీ మామయ్య వయొలిన్ తీగ తెగింది. కొత్త తీగ కోసం వెనక్కి తిరిగి తెర చూశాడు. తీగ కట్టుకోవడం మర్చిపోయాడు. మళ్లీ మొదలుపెడితే వాయించలేదు. 'ఇక్కడ మనం అక్కర్లేదండీ' అన్నాడు. మ్యూజిక్ డైరెక్టర్ అంతెత్తున లేచి, రెండు నెలలు పని ఇవ్వలేదు."

"ఎందుకు అక్కర్లేదు?"

"ఆ అమ్మాయి ఏడవడం లేదు నాయనా. ఏడుపు బయటికి రాకుండా పట్టుకుని కూర్చుంది. మేం ఇరవైమందిమి పైనుంచి బావురుమన్నాం. ఇంత ఏడుపులో ఆ పిల్ల ఏడవకపోతే జనానికి ఎలా కనబడుతుంది? కొయ్యబొమ్మ అన్నారు. మాకేమో, వయొలిన్లే సీను నిలబెట్టాయని చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయికి మళ్లీ వేషం రాలేదు. కుట్టుమిషను పెట్టుకుంది."

బీరువానిండా ఉన్న చొక్కాలన్నీ వరసగా కళ్లముందు కదిలాయి.

లోపలికి వెళ్లి, చేతులు ఊపకుండా, వయొలిన్లు లేకుండా, మొదటిసారి ఆ సీను చూశాను. టేపు ఛాతీ చుట్టూ వెళ్లింది. ఆవిడ అంకె చూసింది. బొటనవేలు అంకెమీద అలాగే ఉంది. చదివింది తప్పేమోనన్న భయం, ఒప్పేమోనన్న ఇంకా పెద్ద భయం, రెండూ మొహంలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నేను పరిచిన ఏడుపు ముక్క ఇవేవీ నాకు కనబడనివ్వలేదు. ఆ భర్త పోతాడేమోనని నాకే, కథ రాసినవాడికే, అనిపించింది. నామీద నాకే అసహ్యం వేసింది. ముక్క మొత్తం తీసిపారేసి, ఫ్యాను చప్పుడూ, కత్తెర చప్పుడూ మాత్రం ఉంచాను.

నాలుగింటికి ఓనరు వచ్చి కుర్చీలో వాలాడు. సీను మొదలైంది.

"మ్యూజిక్ ఏదీ?"

"ఉండండి సార్."

"ఏదయ్యా అంటే..." అని ఆపమన్నట్టు చెయ్యెత్తాడు. అప్పటికి ఆవిడ రెండోసారి కొలుస్తోంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. "తగ్గిందా? పెరిగిందా?" అన్నాడు గొంతు తగ్గించి.

నేను తెరకేసి చూపించాను. తెరమీద కత్తెర వచ్చి మొదటి కుట్టు విప్పింది.

"పెరిగింది!" అని ఓనరు కుర్చీలోంచి లేచాడు. కళ్లు తుడుచుకుని, తుడుచుకున్నందుకు కోపం తెచ్చుకుని నామీద పడ్డాడు. "ఇంత మంచి మొహానికి అడ్డంగా ఆ దిక్కుమాలిన వయొలిన్లు పెట్టిందెవరు?"

"మీరే పెట్టమన్నారు సార్."

"నేను సవాలక్ష అంటాను! నీకు బుద్ధుండక్కర్లేదా? ఆవిడ సీనులో ఒక్క గుండీ కూడా కదపడానికి వీల్లేదు!"

ఈ మాట చెప్పడానికి కుట్టు దుకాణానికి పరుగెత్తాను. ఆ ఊపులో మామయ్య గుట్టు కూడా కక్కేశాను. టైలరమ్మ మిషను ఆపకుండానే విన్నది.

"ఆయన వయొలిన్ మనిషని మొదటి చొక్కాకే తెలుసు బాబూ. కుడిచెయ్యి చంక దగ్గర వదులుగా పెట్టమన్నారు. విల్లు లాగేవాళ్లే అలా అడుగుతారు. ఎందుకన్ని చొక్కాలో మాత్రం ఇప్పుడు తెలిసింది."

"ఆయనకి చెప్పనా మీకు తెలుసని?"

"వద్దు. సిగ్గుపడి వేరే టైలర్ దగ్గరికి పోతారు. ఆ చంక సంగతి ఇంకొకళ్లకి రాదు."

నెల తర్వాత మా వీధి చివరి థియేటర్లోనే ఉదయం ఆట వేశారు. టైలరమ్మ ముందు వరసలో కూర్చుంది. మామయ్య కొత్త చొక్కాలో వచ్చాడు. గేటు పెద్దమనిషి బిక్కమొహం వేసుకుని ఆయన వెనకే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సార్, దండం పెడతాను, ఇవాళొక్క రోజు..."

"ఇందులో వయొలిన్లు లేవులేవయ్యా!"

నిజంగానే లేవు. హాలంతా టేపుకేసి ఊపిరి బిగబట్టి చూసింది. కుట్టు విప్పగానే ఎవరో గట్టిగా నవ్వారు, ఎవరో ముక్కు చీదారు, ఎవరికి తోచింది వాళ్లు చేశారు. తర్వాత పేర్లు మొదలయ్యాయి. పేర్లకింద మాత్రం మామయ్య ఒక్కడే వాయించిన వయొలిన్ ముక్క ముందే రికార్డు చేసి పెట్టాం. "అక్కడ ఎవరి మొహంమీదా పడను కదా" అని ఒప్పుకున్నాడు. జనం అలవాటుగా లేచారు. పైన బొమ్మ వేసే అతను కూడా అలవాటుగా, పేర్లు ఎవడు చదువుతాడులే అని, కట్టేయబోయాడు. లైట్లు వెలిగాయి. బొమ్మ పాలిపోయింది. చివర్లో టైలరమ్మ పేరు ఒక్కటే రావాలి. ఇంకా రాలేదు.

మామయ్య లేచి నిలబడ్డాడు. గేటు పెద్దమనిషి రెండు చెవులూ మూసుకున్నాడు. అత్తయ్య ఆయన చొక్కా పట్టి లాగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"ఆపకు!" అని కేకవేశాడు మామయ్య, వెనక్కి తిరిగి, పైన వెలుతురొచ్చే కంతకేసి వేలు చూపిస్తూ. "ఒరేయ్! చెబుతున్నది నీకే! ఆపావంటే పైకొచ్చి తంతాను! ఆపకు!"

లైట్లు మళ్లీ ఆరిపోయాయి. ఆవిడ పేరు వచ్చింది. ఎవరూ కదల్లేదు. మామయ్య మాత్రం కూర్చోలేదు, కుడిచెయ్యి అలాగే ఎత్తిపెట్టి నిలబడ్డాడు. చంక దగ్గర చొక్కా ఎక్కడా బిగుసుకోలేదు.